మోకాళ్ళ నొప్పని చెప్పు

ఫార్గో, నార్త్ డకోటా
నవంబర్ 18

ప్రియమైన అక్కకు,

నమస్కారాలు. మొన్న ఫోన్‌లో అరగంట అరిచాను. నీకు ఒక్క ముక్కా వినిపించలేదు, మా పక్కింటివాళ్ళకి మాత్రం మన ఇంటి సంగతులన్నీ తెలిసిపోయాయి. చెవిలో మిషన్ పెట్టుకోవడం నీకు నామోషీ. అందుకని ఇకనుంచి ఉత్తరాలే. డెబ్భై దాటాక మళ్ళీ స్టాంపులు కొంటున్నాను.

ఇక్కడ చలి దిగింది. నిన్న విమానం తీశాను. రిటైరయ్యాక ఆ పాత నాలుగు సీట్ల విమానమే నా ఆఫీసని నీ మరదలు రాధ దెప్పుతుంది. చలిలో విమానం హుషారుగా లేస్తుందక్కా. గాలి చిక్కగా ఉంటుంది, రెక్కకి పట్టు దొరుకుతుంది. కానీ చాకిరీ ఎక్కువ. రెక్కల మీద మంచుపొర ఉందేమో చేత్తో తడిమి చూడాలి. ఎత్తు చూపే మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని గుర్తుంచుకోవాలి. ఇంజిన్‌ని ముందుగా వేడి చేయాలి. అన్నిటికంటే ముందు లెక్క చేయాలి. ఎయిర్‌పోర్ట్ రేడియో చలిని సెల్సియస్‌లో చెప్తుంది. నా విమానం పుస్తకం పాతది, దాంట్లో అంతా ఫారెన్‌హీట్. ఇరవై కంటే తగ్గితే వేడి చేయనిదే ఇంజిన్ తిప్పొద్దంటుంది. చేతులకి గ్లవ్స్, ఫోన్ చలికి చచ్చిపోతుంది, కాబట్టి బుర్రలోనే చేసుకోవాలి. రెట్టింపు చెయ్యి, అందులో పదో వంతు తీసెయ్యి, ముప్పై రెండు కలుపు. మైనస్ పది అన్నారనుకో. రెట్టిస్తే మైనస్ ఇరవై, పదో వంతు పోతే మైనస్ పద్దెనిమిది, ముప్పై రెండు కలిపితే పద్నాలుగు. ఇంజిన్ వేడి చేయాల్సిందే. గాల్లో ఉన్నంతసేపూ ఈ లెక్కలు చేసుకుంటూనే ఉంటాను, అమ్మ పని చేస్తూ సహస్రనామం చదువుకున్నట్టు.

నీది ఇంకో తిక్క. గుంటూరులో చదివినప్పుడు జ్వరం ఫారెన్‌హీట్, ఎండ సెల్సియస్. ఇక్కడికొచ్చాక ఎండ ఫారెన్‌హీట్, ఆస్పత్రిలో జ్వరం సెల్సియస్. ఇన్నేళ్ళు పిల్లల డాక్టరువి కాబట్టి ముప్పై తొమ్మిదంటే నూట రెండని టక్కున చెప్తావు. మైనస్ తొమ్మిదంటే మాత్రం నోరు తెరుస్తావు.

రాధని బిస్మార్క్ దాకా తిప్పి తెచ్చాను. హీటర్ బాగా పెట్టాను, కాళ్ళకి వెచ్చగా ఉందని మురిసింది. దిగగానే వాంతి చేసుకుంది. పొద్దున తిన్న ఆవకాయన్నం మీద నెపం వేశాను. నాకూ సాయంత్రం దాకా తల దిమ్ముగానే ఉంది. నీ మనవరాలు ఇషిత సంబంధం ఎంతవరకు వచ్చింది?

నీ తమ్ముడు
సూర్యం


ఫ్రిస్కో, టెక్సస్
డిసెంబర్ 4

చిరంజీవి సూర్యానికి అక్క ఆశీస్సులు.

ఆవకాయని ఏమీ అనకు. ఆ గాలిబండి ఎక్కించి కుదిపితే ఎవరైనా కక్కుతారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అమ్మ ఊరికే అనలేదు. నువ్వెప్పుడు విన్నావు కనుక.

ఇషిత సంబంధం వర్జీనియాలో షాంటిలీ వాళ్ళది. పిల్లలిద్దరూ ముందే మాట్లాడుకుని నచ్చుకున్నారు, మనం వెనక నడిచేవాళ్ళం. ఆ అబ్బాయి తల్లి డాక్టరు. జాతకం అడగలేదు. దానికి బదులు మీ ఇంట్లో మూడు తరాల్లో ఏయే జబ్బులున్నాయని అడిగింది. బీపీ, షుగర్ చెప్పాం. అమ్మ సంగతి వచ్చేసరికి నేను కల్పించుకుని, పెద్దవయసులో పోయిందండీ అన్నాను. అబద్ధం కాదు కదా.

కానీ ఆ రాత్రంతా అమ్మే గుర్తొచ్చింది. ఆఖరి నాలుగేళ్ళూ నా ఇంట్లోనే కదా. ఊళ్ళో పిల్లలందరికీ ఎక్కాలు నేర్పిన మనిషి. మొదట కూరగాయల లెక్క తప్పింది. చివరికి నన్నే పట్టుకుని, మీరెవరండీ, మా అమ్మాయిని చూశారా అని మర్యాదగా అడిగేది. ఇషితకి అదంతా తెలుసు. ఎందుకు దాచాలి అమ్మమ్మా అంది. పెళ్ళయ్యాక నువ్వే చెప్పుకో అన్నాను.

తల దిమ్ము ఎన్నాళ్ళ నుంచి? బీపీ చూసుకో.

అక్క


ఫార్గో
డిసెంబర్ 28

ప్రియమైన అక్కకు,

ఇది రాధకి చెప్పలేదు. నువ్వు చదివి చించెయ్యి.

పోయిన వారం గ్రాండ్ ఫోర్క్స్ నుంచి తిరిగి వస్తున్నాను. బయట కొరికే చలి. హీటర్ నిండుగా తిప్పుకున్నాను. రేడియోలో ఫార్గో మైనస్ పదిహేను అన్నారు. నేను లెక్క చేస్తే యాభై తొమ్మిది వచ్చింది. యాభై తొమ్మిదంటే మీ ఊళ్ళో మార్చి నెల. కింద చూస్తే చేలన్నీ మంచు కప్పుకుని ఉన్నాయి. అయినా నాకు తేడా అనిపించలేదు. హాయిగా ఉందే అనుకున్నాను. టవర్‌లో అమ్మాయి ఎడమకి తిరగమంటే కుడికి తిరిగాను. ఆమె నా విమానం నంబరు పిలుస్తోందట, అది నా నంబరని నాకు తోచలేదు. ఎలాగో దించాను. ఎలా దించానో సరిగ్గా గుర్తు లేదు.

విమానం పెట్టే హేంగర్‌లో తలుపు తెరుచుకుని చలిలో కూర్చున్నాను. తల పగిలిపోతోంది. కాసేపటికి లెక్క దానంతటదే సరిగ్గా వచ్చింది. ఐదు. మైనస్‌ని ఎక్కడో పారేసుకుని, ఇరవై ఏడుకి ముప్పై రెండు కలిపాను. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న లెక్క అది.

ఈ చలికాలంలో ఇలా అవడం ఇది మూడోసారి. ఇంటి దగ్గర బాగానే ఉంటాను. పైన ఒంటరిగా, జాగ్రత్తగా ఉండాల్సిన చోటే మనసు జారిపోతోంది. అమ్మకి కూడా మొదట లెక్కే తప్పిందని రాశావు. నాకు భయంగా ఉందక్కా. చావంటే కాదు. రాధని పట్టుకుని మీరెవరండీ అంటానేమోనని.

సూర్యం


ఫ్రిస్కో
జనవరి 6

చిరంజీవి సూర్యానికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి చించేశాను. ఇప్పుడు చెప్పేది తమ్ముడిలా కాదు, పేషెంటులా విను.

ఆ విమానం ఇక ఎక్కడానికి వీల్లేదు. తాళంచెవి రాధకి ఇచ్చెయ్. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని వాదించే రోజులు అయిపోయాయి. నీ ఒక్కడి ప్రాణమే అయితే ఏమో గానీ, రాధని ఎక్కిస్తావు, కింద ఇళ్ళుంటాయి. మినియాపొలిస్‌లో మతిమరుపు జబ్బులు చూసే డాక్టరు దగ్గర నా పాత స్నేహితురాలు మాట్లాడి పెట్టింది. ఏప్రిల్ మధ్యకి గానీ అపాయింట్‌మెంట్ దొరకలేదు. అప్పటిదాకా కారు కూడా దూరాలు నడపకు.

ఇంకో మాట. ఇది ఎవరికీ పొక్కకూడదు. ఫార్గోలో తెలుగువాళ్ళు గుప్పెడుమంది. మీ స్నేహితులు రవికుమార్ గారి బావమరిది షాంటిలీలో పెళ్ళివారి వీధిలోనే ఉంటాడు. అక్కడ మీ నోట వచ్చింది సాయంత్రానికి వియ్యపురాలి చెవిలో ఉంటుంది. తల్లికుండేది, ఇప్పుడు తమ్ముడికొచ్చింది, రేపు మనవరాలికి రాదని ఏమిటి అంటుంది ఆవిడ. నేనైనా అలాగే అంటాను. ఇషిత ఆ అబ్బాయి మీద ప్రాణం పెట్టుకుంది. దాని తల్లి విడాకుల తర్వాత ఆ పిల్ల నవ్వడం నేను ఇప్పుడే చూస్తున్నాను.

విమానం అమ్మెయ్. ఎందుకని అడిగితే మోకాళ్ళ నొప్పని చెప్పు. మన వయసులో మోకాళ్ళ నొప్పికి ఎవరూ సాక్ష్యం అడగరు.

నిన్ను ఎత్తుకుని తిప్పిన చేతులతో ఇది రాస్తున్నాను, సూర్యం. నాకు మాత్రం బాగుందనుకున్నావా.

అక్క


ఫార్గో
జనవరి 31

ప్రియమైన అక్కకు,

అమ్మేశాను. కొన్నది ఎవరో కాదు, రవికుమార్ గారి అబ్బాయి రోహన్. ఇక్కడే పుట్టి పెరిగాడు, ఫార్మసీలో పని చేస్తాడు, పోయినేడే పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నాడు. వాడికి పెళ్ళై ఏడాది. భార్య అనన్య వరంగల్ పిల్ల, ఇక్కడికి ఎమ్మెస్ చదవడానికి వచ్చి ఉండిపోయింది. నా విమానం వంక వాడు హైస్కూల్ నుంచీ చూస్తున్నాడు.

కాగితాల మీద సంతకాలు పెట్టేముందు అడిగాడు.

"అంకుల్, ప్లేన్‌లో ఏమైనా ప్రాబ్లమ్ ఉందా? ఎందుకు సెల్ చేస్తున్నారు?"

"ప్లేన్‌కేం బాబూ, గుర్రంలా ఉంది. నా మోకాళ్ళే. పెడల్స్ తొక్కలేకపోతున్నాను."

"సారీ అంకుల్. నేను మంచిగా చూసుకుంటా. మీకు ఫ్లై చేయాలి అనిపిస్తే కాల్ చేయండి, నేను తీసుకెళ్తా."

అక్కా, అసలు సంగతి నాలుక చివర దాకా వచ్చింది. పైన నాకు తల తిరుగుతోందిరా, లెక్క తప్పుతోందిరా అందామనుకున్నాను. పక్కనే వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు. మింగేశాను. మెకానిక్ హేంగర్‌లోనే ఇంజిన్ చూసి అంతా బాగుందన్నాడు.

నెలైంది ఎక్కి. నీ మాట విన్నందుకేమో, ఒక్కరోజూ తలనొప్పి రాలేదు. పొద్దున్నే లేచి పరీక్షలా పది లెక్కలు చేసుకుంటున్నాను. ఒక్కటీ తప్పడం లేదు. సంతోషించాలో వద్దో తెలియడం లేదు. ఇంట్లో ఏం చేయాలో తోచక రాధ వెనక వెనక తిరుగుతుంటే విసుక్కుంటోంది.

సూర్యం


ఫ్రిస్కో
ఫిబ్రవరి 15

చిరంజీవి సూర్యానికి ఆశీస్సులు.

సంబంధం కుదిరింది. పోయిన ఆదివారం షాంటిలీ నుంచి అందరూ వచ్చి మాట పుచ్చుకున్నారు. జూన్‌లో పెళ్ళి. వియ్యపురాలు మంచి మనిషే, కాస్త ప్రశ్నలెక్కువ. మీ తమ్ముడు పైలటట కదా అని అడిగింది. మోకాళ్ళ వల్ల మానేశాడన్నాను. పాపం అంది.

తలనొప్పి తగ్గిందని పొంగిపోకు. ఆ జబ్బు దోబూచులాడుతుంది. అమ్మ కూడా మధ్యలో ఒక నెల శుభ్రంగా ఉండేది. డాక్టరు దగ్గరికి వెళ్ళడం మాత్రం మానకు.

పెళ్ళికి నువ్వూ రాధా వారం ముందే రావాలి. మేనమామ స్థానంలో అన్నీ నువ్వే చూడాలి. ఇప్పుడు నా మనసు నిమ్మళంగా ఉంది.

అక్క


ఫార్గో
మార్చి 5

ప్రియమైన అక్కకు,

శుభవార్త విని రాధ పాయసం చేసింది. నేను రెండు గిన్నెలు తాగాను.

రోహన్ వారానికి రెండుసార్లు ఎగురుతున్నాడు. దిగాక నాకు ఫోన్ చేసి పాఠం ఒప్పచెప్తాడు. నా రెట్టింపు లెక్క వాడికి నేర్పాను. నిన్న మైనస్ పద్దెనిమిదికి అరవై నాలుగు వచ్చిందని చెప్పి నవ్వాడు. పగలబడి నవ్వానక్కా. "సున్నాకి దగ్గర్లో ఉండాలిరా, మీ తరానికి ఎక్కాలు రావు, కాలిక్యులేటర్ లేకపోతే పాలు కూడా కొనలేరు" అన్నాను. "ట్రూ అంకుల్, నేను మ్యాథ్స్‌లో ఎప్పుడూ వీకే" అన్నాడు. వాడి గొంతు కాస్త మత్తుగా ఉంది. డ్యూటీ దిగి నిద్రపోకుండా వెళ్ళాడట. అలా వెళ్ళకూడదని కోప్పడ్డాను.

నిజం చెప్పనా. వాడు తప్పు చేశాడని తెలిసి నాకు లోపల కొంచెం హాయిగా అనిపించింది. వయసులో ఉన్నవాడికీ తప్పుతుందన్నమాట.

సూర్యం


ఫార్గో
మార్చి 20

అక్కా,

రోహన్ పోయాడు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఒక్కడే వెళ్ళాడు. మబ్బు లేదు, గాలి లేదు. జేమ్స్‌టౌన్ దాటాక టవర్ వాళ్ళు పిలిస్తే పలకలేదట. విమానం తిన్నగా, అదే ఎత్తులో, అదే దిక్కుకి పెట్రోలు అయిపోయేదాకా వెళ్ళి ఒక చేలో పడింది. అనన్య ఇంట్లో వాడి కోసం అన్నం వండి పెట్టుకుని ఉంది.

రవికుమార్ నన్ను పట్టుకుని ఏడుస్తూ, మీ విమానమే కదండీ, మీ చేతిలో ముప్పై ఏళ్ళు బాగానే ఉంది కదండీ అంటున్నాడు.

సూర్యం


ఫ్రిస్కో
మార్చి 25

చిరంజీవి సూర్యానికి,

ఆ తల్లిదండ్రుల్ని తలుచుకుంటే అన్నం సయించడం లేదు. పెళ్ళై గట్టిగా ఏడాదైన పిల్ల.

కానీ నువ్వు దీన్ని నెత్తినేసుకోకు. కొత్త పైలట్, నిద్ర లేకుండా వెళ్ళేవాడని నువ్వే రాశావు. నిద్రపోయి ఉంటాడు. దర్యాప్తువాళ్ళు అడిగితే అడిగినంతవరకే చెప్పు. నీ ఆరోగ్యం సంగతి వాళ్ళకి అక్కర్లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నువ్వే ముందుపడి మాట్లాడకు. డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఏమన్నాడో నాకు రాయి.

అక్క


ఫార్గో
ఏప్రిల్ 21

అక్కా,

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రెండు పూటలు పరీక్షలు చేశారు. బొమ్మలు గీయించారు, కథలు చెప్పి మళ్ళీ చెప్పించారు, వంద నుంచి ఏడేడు చొప్పున తీయించారు. తల స్కాన్ కూడా తీశారు. నా బుర్రకేం జబ్బు లేదట. నా వయసువాళ్ళకంటే బాగుందట.

ఆయన అడిగాడు. ఈ మతి తప్పడం ఎప్పుడెప్పుడు జరిగింది అని. విమానంలోనే అన్నాను. ఎండాకాలంలో ఎప్పుడైనా జరిగిందా అన్నాడు. లేదు, చలికాలంలోనే అన్నాను. హీటర్ ఉన్నప్పుడా అన్నాడు. అవునన్నాను, అంటుంటేనే నాకు అర్థమైంది.

చిన్న విమానంలో హీటరంటే వేరే పొయ్యి ఉండదక్కా. ఇంజిన్ పొగ బయటికి పోయే మఫ్లర్ చుట్టూ ఒక రేకు తొడుగు ఉంటుంది. దాని మధ్య వేడెక్కిన గాలినే లోపలికి వదులుతారు. మఫ్లర్ పగిలితే ఆ గాలితో పాటు పొగ కూడా వస్తుంది. దాంట్లో ఉండే కార్బన్ మోనాక్సైడ్ విషానికి వాసనుండదు, రంగుండదు. ముందు తలనొప్పి, వికారం, తర్వాత మనసు మందగించడం. ఆ మందంలో మనిషికి భయం కూడా వేయదు. రంగు మారి హెచ్చరించే అట్టముక్క ఒకటి నా విమానంలో ఉండేది. ఎప్పుడో వెలిసిపోయింది, మార్చలేదు.

ఆయన గదిలోంచి బయటికి వచ్చి, కారిడార్‌లో నిలబడే దర్యాప్తువాళ్ళకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. వాళ్ళకి అప్పటికే రోహన్ రక్తంలో ఆ విషం దొరికింది. మఫ్లర్‌లో పగులూ దొరికింది. వేడెక్కినప్పుడు విచ్చుకుని, చల్లారితే మూసుకుపోయే సన్నటి పగులు. అమ్మేముందు మెకానిక్ చల్లటి ఇంజిన్‌ని చూశాడు. ఇందులో ఎగిరితే తలనొప్పి వస్తోందని నేను ఒక్క మాట అని ఉంటే, వేడి చేసి, ఒత్తిడి పెట్టి చూసేవాడట. అది ఒక పూట పనట.

మనం ఇద్దరం కలిసి మనిషిని దించేశాం, విమానాన్ని చూడలేదు. నువ్వు డాక్టరువి, నేను ఇంజినీర్‌ని. రాధ కూడా వాంతి చేసుకుంది కదా, ఆమెకీ మన అమ్మ జబ్బేనా అని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. నిన్ను తిట్టడానికి రాయడం లేదు. మోకాళ్ళని చెప్పమన్నది నువ్వే అయినా, చెప్పిన నాలుక నాది.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఇది త్వరలోనే షాంటిలీకి చేరుతుంది. చేరనీ. రవికుమార్ లోపలి గదిలోంచి రాలేదు. రోహన్ తల్లి కృష్ణకుమారి గారు వచ్చి గోడకానుకుని నిలబడ్డారు. అనన్యకి అంతా చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు.

"మీకు గూడ తలనొప్పి లేసేదా అంకుల్?" అంది.

"లేచేదమ్మా."

"రోహన్‌కి గూడ లేసేది. టాబ్లెట్ ఏసుకొని పోయెటోడు. మరి మీరు మోకాళ్ళని చెప్పిన్రు."

"అబద్ధం చెప్పాను. నాకు మతి పోతోందనుకున్నాను. మా అక్క మనవరాలికి సంబంధం చూస్తున్నారు. మా ఇంట్లో ఆ జబ్బు ఉందని బయటపడితే చెడిపోతుందని దాచాం."

ఆమె తలెత్తి నా వంక చూసింది.

"సంబంధం కుదిరిందా అంకుల్?"

"కుదిరిందమ్మా" అన్నాను.

అనన్య తలూపింది. వంటింట్లోకి వెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

నీ తమ్ముడు
సూర్యం